నాకు సరిపోని గాలి తుపాకీ

నా చిన్నప్పుడు మా నాయన ఏ వస్తువునైనా ముందు అరచేతిలో పెట్టుకొని బరువు చూసేవాడు. ప్రొద్దుటూరులో మాది బంగారు అంగడి. గాజులు, గొలుసులే కాదు, ఇంట్లోకి కొనే ఇత్తడి చెంబును కూడా చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకొనేవాడు. బరువుంటే సరుకు మంచిది, తేలిగ్గా ఉంటే ఎక్కడో మోసముంది. ఆ అలవాటు మాకు అన్నం పెట్టింది. నా తుపాకీ చదువు ఆగిపోయింది కూడా దానివల్లనే అని చాలా కాలం అనుకున్నాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి పదేళ్ళు పట్టింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్లను. జమ్మలమడుగులో, సైన్యం నుంచి రిటైరై వచ్చిన ఒక సుబేదారు, మూతపడిన వేరుశనగ నూనె మిల్లులో పిల్లలకు గాలి తుపాకీ నేర్పేవాడు. మేమంతా ఆయనను తాత అనేవాళ్ళం. నోరు తెరవని కూతురికి కాస్త ధైర్యం వస్తుందని నాయన నన్ను అక్కడ చేర్చి, ప్రతి ఆదివారం స్కూటరు మీద తీసుకెళ్ళేవాడు. ధైర్యం సంగతేమో గానీ, అక్కడ మాట్లాడాల్సిన పని లేకపోవడం నాకు నచ్చింది. పది మీటర్ల దూరంలో గోడకు తగిలించిన కాగితం, దాని నడుమ నల్లటి చుక్క. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలితో మీట నొక్కాలి. అంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు. ఆ చుక్క ముందు నిలబడినప్పుడు మాత్రమే నేను పిరికిదాన్ని కాననిపించేది.

తాత తుపాకీని వివరించే పద్ధతి ఇప్పటికీ గుర్తుంది. పాత రకం వాటిలో గుండు గుండుకీ గొట్టాన్ని వంచి స్ప్రింగు బిగించాలి, కొట్టిన ప్రతిసారీ అది అదురుతుంది. మేము వాడేవి వేరు. గొట్టం కింద ఒక సిలిండరు ఉంటుంది. పంపుతోనో పెద్ద సిలిండరుతోనో దానిలో ముందే గాలి దట్టించి పెడతారు. “ఇది ముందే ఊపిరి పీల్చుకోని కూచుంటాది పాపా. నువ్వు మీట నొక్కితే రవ్వంత వదుల్తాది, అంతే. అందుకే అదరదు. ఇంగ గురి తప్పితే తుపాకీని తిట్టేకి లేదు, మనల్నే తిట్టుకోవాల” అనేవాడు.

ఏడాది గడిచాక జిల్లా పోటీలకు పంపొచ్చని తాత అన్నాడు. దానికి సొంత తుపాకీ ఉంటే మంచిది. మిల్లులో నేను వాడేది ఆ సిలిండరు రకంలోనే ఒక పాతది. భుజానికి ఆనించే కట్టెను తాతే నా కొలతకు కోసి, చివర రబ్బరు ముక్కలు బిగించాడు. దాన్నే ఇస్తానన్నాడు. నాయన మాత్రం హైదరాబాదు నుంచి ఒక కొత్త తుపాకీ తెప్పించాడు. నచ్చకపోతే పదిరోజుల్లో వెనక్కి పంపవచ్చు. పొడుగాటి సిలిండరు, ఒకేసారి పది గుండ్లు పట్టే పెట్టె, పైన దుర్భిణీ. మిల్లులో అందరి ముందూ నాయన ఆ రెండింటినీ చెరో చేతిలో పట్టుకొని పైకీ కిందికీ ఆడించాడు.

“చూడు సుబేదారన్నా, ఇది ఎంత గట్టిగుండాదో. నీదేంది, పేలపిండి మాదిరి తేలిపోతాంది.”

“నువ్వేమన్నా కరిగించి గొలుసు చేయిస్తావా శెట్టీ?” అన్నాడు తాత. పిల్లలందరూ పక్కున నవ్వారు. నాయన కూడా నవ్వాడు.

“పది గుండ్లు పడతాయి గదప్పా దీంట్లో!”

“పోటీలో ఒక్కొక్కటే పెట్టి కొట్టాల. దుర్భిణీ ఆడ పెట్టనీరు. సిలిండరు పెద్దదైతే గాలి శానా సేపొస్తాది, నిజమే. ఆ బరువంతా ముందుకు లాగుతాది గదా, మోసేది ఎవురు, నువ్వా?”

అంతటితో వాదన ఆపి తాత ఒక పని చేశాడు. రెండు తుపాకుల్లోనూ గుండు లేదని తెరిచి చూసి రూఢి చేసుకున్నాడు. తువ్వాలుతో నా కళ్ళకు గంత కట్టాడు. చుక్క ఉన్న వైపు నన్ను నిలబెట్టి, ఒక తుపాకీ చేతికిచ్చి, నాకు హాయిగా ఉన్నట్టు భుజానికి ఆనించుకోమన్నాడు. నాలుగు ఊపిర్లు తీసుకున్నాక గంత లాగేశాడు. పాతదానితో కళ్ళు తెరిచేసరికి చుక్క నేరుగా గురిలో కూర్చొని ఉంది. కొత్తదానితో తెరిచేసరికి నాకు కనిపించింది గోడ అడుగున రాలిన సున్నం. దుర్భిణీ కోసం మెడ సాచాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి అప్పటికే బరువుకు కిందికి దిగుతోంది.

“ఇప్పుడు నువ్వే చెప్పాల పాపా. నీ కంటికి తప్ప ఇంగెవురికీ కనపడదు. ఏది సరిపాయె?”

నేను నాయన వైపు చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. అంగళ్ళ వీధిలో అందరికీ ఆయన ఈ కొత్త తుపాకీ గురించి ముందే చెప్పేశాడని నాకు తెలుసు. “కొత్తదే” అన్నాను.

నాయన స్కూటరు తీయడానికి బయటికి వెళ్ళినప్పుడు తాత నా దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “మీ నాయనకు నేను చెప్తాలే. నువ్వు ఊరికే తల ఊపు, సాలు.” మాట కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. నా పిరికితనానికి తగినట్టు ఒక మనిషి అంత చిన్న దారి తెరిచి పెట్టడం ఆ తర్వాత నేనెప్పుడూ చూడలేదు. నేను తల ఊపలేదు. “బాగుంది తాతా” అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. దుర్భిణీ తీసేసి మామూలు గురి బిగించాడు, కట్టె కొంత కోశాడు, నిలబడే తీరు మార్పించాడు. ఆయన చేయగలిగిందంతా చేశాడు. అయినా ఆ బరువుకు నేను నడుము వెనక్కి విరిచి నిలబడేదాన్ని. రెండు నెలలకు నడుము నొప్పి మొదలైంది. నొప్పి సంగతి చెబితే తుపాకీ సంగతి చెప్పాలి. అందుకని చదువు ఎక్కువైందని చెప్పి మానేశాను. పాత తుపాకీని తాత పులివెందుల నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయికి ఇచ్చాడు. జిల్లా పోటీకి ఆ అమ్మాయి వెళ్ళింది. ఆమె గెలిచిందో లేదో నేను కనుక్కోలేదు. గెలిచి ఉంటుంది.

చాలాకాలం నేను నాయన కోసం త్యాగం చేశానని లోపల గర్వపడ్డాను. ఇరవై దాటాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. మా నాయన కఠినుడు కాడు. అంగడికి ఎవరైనా ఉంగరం తిరిగి తెచ్చి, బిగుతుగా ఉందంటే, మారుమాట లేకుండా తీసుకొని కొలత మార్చి ఇచ్చేవాడు. నేను “బరువుగా ఉంది నాయనా” అని ఒక్క మాట అని ఉంటే, అయ్యో అని ఆ తుపాకీని మర్నాడే వెనక్కి పంపేవాడు. వీధిలో నలుగురు నవ్వితే తానూ నవ్వేవాడు. కూతురు చెబితే వినే మనిషికి, నేను చెప్పనే లేదు. ఆయనను నొప్పించకూడదనే పేరుతో ఆయనకు తెలియాల్సింది తెలియకుండా చేశాను.

మొన్న ఇంటికి వచ్చిన బంధువుతో నాయన అంటున్నాడు. “అంత మంచిది తెప్పిస్తిని. మా పాపకే మనసు లేకపాయె. ఏం చేస్తాం, బలవంతం చేసేకి నాకు మనసు రాలే.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. తాను ఏదో తప్పు చేశానేమోనన్న సందేహం ఉంది. పదేళ్ళుగా ఆ సందేహాన్ని మోస్తున్నాడని నాకు ఆ రోజే తెలిసింది. నేను మంచినీళ్ళ గ్లాసు బంధువుకు అందించాను. నాయన నా వైపు చూశాడు. నేను చెప్పలేదు.