టోపీలవాళ్ళ పిచ్చి

మా బావకి పిచ్చి అన్న మాట మా కార్ఖానాలోనే పుట్టింది. బావంటే మా అక్క మొగుడు. అక్కడ బంగారు పూత మేస్త్రి. నేను అక్కడే లేత్ మీద పనిచేస్తాను.

పూత పని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలా నూరతారు. ఆ ముద్దని గడియారపు చట్రానికి పల్చగా రుద్ది, బొగ్గుల కుంపటి మీద కాస్తారు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం అంటుకుని మిగులుతుంది. ముద్ద ఎక్కడ పల్చబడిందో బావ చూపుతో పట్టేవాడు. మరక లేకుండా పూత దించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆ గదికి ఒకటే కిటికీ. దాని కింద కూరగాయలమ్మే ఆమె ఉంగరం తెల్లబడింది. పాదరసం బంగారాన్ని ఎక్కడున్నా పట్టుకుంటుంది మరి. ఆమె వీధంతా వినబడేలా తిట్టింది. యజమాని వెంటనే కిటికీకి చెక్కలు పెట్టి మేకులు కొట్టించాడు. ఆవిరి వీధిలోకి పోకుండా ఆపాడు, సరే. లోపలున్నవాళ్ళ మాటేమిటని ఒక్కడూ అడగలేదు.

తర్వాత బావ చేతులు వణకడం మొదలైంది. నలుగురిలో నోరు పెగిలేది కాదు. అంతలోనే చెంచా కిందపడినా ఇంట్లో విరుచుకుపడేవాడు. కార్ఖానాలో 'తిక్క మేస్త్రి' అని పేరు పెట్టేశారు. చివరికి యజమాని, "నెలాఖరు దాకా చూసి మానిపించేస్తాను" అన్నాడు.

బతిమాలుదామని అక్క కార్ఖానాకి వచ్చింది. యజమాని అల్లుడు అక్కడే లెక్కలు చూస్తాడు. టీ తాగుతూ నవ్వాడు.

"ఇంగ్లీషులో ఒక మాటుందమ్మా. టోపీలు చేసేవాడంత పిచ్చోడు అంటారు."

"టోపీలు పెట్టేవాళ్ళని చూశాను గానీ బాబూ, చేసేవాళ్ళకి పిచ్చేంటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. అల్లుడికి హుషారొచ్చింది.

"పూర్వం కుందేలు బొచ్చుకి పాదరసం మందు పట్టించి టోపీలు చేసేవారు. మూసిన గదుల్లో ఆ ఆవిరి పీల్చి పీల్చి చేతులు వణికేవి, ఊరికే కోపాలొచ్చేవి, మతి చలించేది. ఆ మాటకి వేరే కథలూ చెబుతారు గానీ, నాకు ఇదే నిజమనిపిస్తుంది."

నేను లేత్ ఆపేశాను. అక్క గొంతు పెంచలేదు.

"మళ్ళీ చెప్పండి బాబూ. వీళ్ళందరికీ వినబడలేదు."

మళ్ళీ మొదలుపెట్టాడు. 'మూసిన గదుల్లో' అన్న దగ్గర అతని కళ్ళు పూత గది తలుపులోంచి కనబడే చెక్కల కిటికీ మీదికి పోయాయి. మాట ఆగిపోయింది.

"ఆగారేం? చేతులు వణికేవి, తర్వాత?"

యజమాని అడ్డొచ్చాడు. "ఏదో కబురు చెబితే పీకి పాకం పెడతావేంటమ్మా? వాళ్ళది టోపీల పని, మాది పూత పని."

"పాదరసం ఒకటే కదండీ," అన్నాను.

"నువ్వు నీ లేత్ చూసుకో!"

తెలియక చేసినవాణ్ణి నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. వీళ్ళకి అంతా తెలుసు. టీ తాగుతూ చెప్పుకునేంత బాగా తెలుసు. ఉంగరం పాడైతే మేకులు కొట్టారు, మనిషి పాడైతే పేరు పెట్టారు.

బావ కుంపటి దగ్గర్నుంచి లేచాడు. ముద్ద ఉన్న గిన్నె మీద మూత పెట్టబోతే అది రెండుసార్లు జారింది. మూడోసారి గట్టిగా నొక్కాడు.

"నా తలకెక్కింది చాలు."

మిగతా పూతపనివాళ్ళు కూడా పట్టకార్లు కింద పెట్టేశారు.

"పొండి! మీరు కాకపోతే ఇంకొకడు," అని అరిచాడు యజమాని.

"ఇంకొకణ్ణి వెతకడం ఎందుకండీ?" అంది అక్క. "అల్లుడుగారికి అన్నీ తెలుసుగా. లోపల కూర్చోబెట్టి తలుపేయండి."

అల్లుడు కూర్చోలేదు. ఎవరూ కూర్చోలేదు. గడియారాలవాళ్ళు సరుకేదని తలుపు బాదాక గానీ తాపీమేస్త్రి రాలేదు. గోడకి కన్నం కొట్టి కుంపటి మీద పొగగొట్టం లేపడం ఎంత పనో తెలుసా? ఒక్క పూట పని.

బావ మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆయన చొక్కా గుండీలు ఇప్పటికీ మా అక్కే పెడుతుంది.