లాభం, రెండు, మూడు

కోవెంట్రీలోని ఆ చిన్న వర్క్‌షాపులో నరసింహం బల్ల ముందుకొచ్చాడంటే ముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు, తర్వాత స్వెటర్ చేతులు మోచేతుల దాకా మడుస్తాడు. పాత రైఫిళ్ల విడిభాగాలు పెట్టెల్లో సర్ది అమెరికా పంపడం అతని పని. అక్కడ వాటితో తుపాకీ బిగించేవాళ్లకు ఒక రూలుంది. అక్కడి ప్రభుత్వ జాబితాలో రాసిన భాగాల్లో బయటిదేశానివి పదికి మించకూడదు, మిగతావి అక్కడ తయారైనవే ఉండాలి. అందుకని పెట్టెకు పదే. ఒక్కో ముక్కనీ బొటనవేలితో తడిమి, "లాభం, రెండు, మూడు" అంటూ పైకే లెక్కపెడతాడు. మండపేటలో వాళ్ల నాన్న వడ్లు కొలిచినా అంతే, మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు.

పక్క బల్ల దగ్గర పన్నెండేళ్లుగా ఆ లెక్క వింటున్న కీత్, నరసింహం సెలవు పెట్టిన వారం తనే పెట్టెలు సర్దాడు. తిరిగొచ్చిన నరసింహం ఒకదాన్ని ఎత్తగానే చేతికి బరువు తేడా తెలిసింది. విప్పి చూస్తే పదకొండు. నలభై పెట్టెలూ అంతే. బయట లారీ సిద్ధంగా ఉంది.

"లాభం అంటే అదృష్టం కోసం వేసే ముక్క, లెక్కలోకి రాదనుకున్నా. అది వేశాకే వన్, టూ అని పది లెక్కపెట్టా," అన్నాడు కీత్, మొహం ఎర్రబడి.

నరసింహం లారీని ఆపించాడు. తప్పుల రిజిస్టర్లో తన పేరే రాసుకున్నాడు. "లెక్క నేర్పింది నేనే కదా." మొదటి పెట్టె బోర్లించి, జాగ్రత్తగా, "వన్," అన్నాడు.

కీత్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వన్ కాదు, నరసింహం. లాభం."