కావలివాడు రామోవా

మలైతా దీవి తీరంలో మా ఊరికి శంఖం ఊదేది రామోవా తాత. ఊదేముందు పెదాలు తడుపుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని సముద్రం వైపు ఒకసారి చూస్తాడు. ప్రార్థనకు పొడుగ్గా ఊదుతాడు, ఉప్పెనకు ముక్కలు ముక్కలుగా ఊదుతాడు. వక్క నములుతూ బైబిల్లోని యెహెజ్కేలు ప్రవక్త మాట చెప్పడం ఆయన అలవాటు. కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, పోయిన ప్రాణాలకు కావలివాడే జవాబు చెప్పాలట. "మన ఊరికి కత్తులతో ఎవరొస్తారు తాతా?" అని కుర్రాళ్ళు ఆటపట్టిస్తారు. "కత్తితోనే రావాలేంట్రా? ఇస్త్రీ చొక్కాతో కూడా వస్తారు" అంటాడు.

మాకు తాగునీళ్ళిచ్చే కొండ అడవిని కలప కంపెనీకి ఇవ్వనని, పోయిన ఎన్నికల్లో ఎంపీ బైబిలు మీద ఒట్టేశాడు. మొన్న అతను మళ్ళీ వచ్చాడు. ఆ ఉదయమే చేపలకు వెళ్ళిన తాత, కొండ మలుపు అవతల కలప కంపెనీ బుల్డోజర్లు ఎక్కించుకుని లంగరేసి ఉన్న పెద్ద పడవను చూశాడు. ఊరిపెద్దకు చెబితే, "బియ్యం బస్తాలు తెస్తున్నాడయ్యా! నోరు మూసుకుని స్వాగతం ఊదు" అని కసిరాడు. ఎంపీ పడవ ఒడ్డు చేరుతుండగా తాత శంఖమెత్తి ముక్కలు ముక్కలుగా ఊదాడు. జనం పూలదండలు పారేసి, పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కారు. రొప్పుతూ వెనకే వచ్చిన ఊరిపెద్ద, "ఉప్పెన ఎక్కడ, ముసలోడా?" అని అరిచాడు. "అదుగో, మావా!" అంది ఊరిపెద్ద మేనకోడలే, మలుపు అవతలి పడవ వైపు చెయ్యి చూపించి. దిగి వెళ్ళి దండ వేసేవాళ్ళు లేక, ఎంపీ చాలాసేపు మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాడు.