నీటి జాతికి మార్చిన దేవకన్య

ఫోను ఆటలోని దేవకన్యల జాతులన్నీ నాకు కంఠతా వచ్చు. రాజోలు బస్సులో పక్క సీటావిడ చూపించింది. అన్నీ అంటే రెండే లెండి. నిప్పు జాతి నీళ్ళలో పడితే చచ్చిపోతుంది, నీటి జాతి మునగదు.

ఆ ఫోను ఆవిడ కూతురిది. పిల్ల రొయ్యల చెరువులో పడి చనిపోయింది. ఆటలో దాని దేవకన్యది నిప్పు జాతి.

"నీటి జాతికి మార్చేస్తానండీ. ఇంక మునగదు కదండీ, బాబాయిగారూ?"

"ఆయ్," అని తలూపాను.

ఆవిడ వేలితో నొక్కి, ఫోను అద్దాన్ని చెంగుతో మెల్లగా తుడిచి, దిగిపోయింది.

ఆ ఒక్క మాటతో ఓదార్చానని అందరికీ చెబుతుంటాను. ఆవేళ వెనక సీట్లో ఉన్న మా ఆవిడ ఊరుకోదు.

"ఓదార్చడమేంటండీ! బస్సు మోతలో మీకు వినపడకే ఆయ్ అన్నారు. పిల్ల పోయిందని ఆవిడ దిగేక నేను చెబితేనే తెలిసింది మీకు."