ఒకే కుప్ప దగ్గర కూర్చున్న జత

కరోనా తగ్గి అందరూ మాస్కులు పక్కన పడేసిన మరుసటి ఏడు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆయాసం ఎందుకొస్తోందో తేల్చాలని ఒక మెడికల్ కాలేజీ వాళ్లు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొచ్చే పనికి నన్ను పెట్టుకున్నారు. నేను నలభై దాటాక వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు దిద్దినదాన్ని. నన్ను తీసుకున్నది నా చదువు చూసి కాదు, ఏ గుమ్మంలోకైనా చొరవగా వెళతానని.

పని ఇదీ. ఏ పని చేసేదైనా సరే, ఆయాసం ఉన్న మనిషిని కేస్ అంటారు. ఆమెకు జతగా ఆయాసం లేని మనిషిని ఒకరిని వెతకాలి. ఆమె కంట్రోల్. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇంచుమించు ఒకే వయసు అయి ఉండాలి. దీన్ని మ్యాచింగ్ అంటారు. అప్పుడు వయసు తేడా, ఊరి తేడా అడ్డం రావు. ఇద్దరిలో ఎవరు తొడిమలు తీసే షెడ్డులో పనిచేశారు, ఎవరు చేయలేదు అన్నది చూడొచ్చు.

రమణమ్మ మా మొదటి కేసుల్లో ఒకతి. పదిహేనేళ్లుగా అదే పని. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. "ఈ మిరప ఘాటు వల్లేనని తేలితే షెడ్డుకు ఫ్యాన్లు పెట్టిస్తానన్నాడు మా యజమాని. తేలకపోతే మా ఖర్మ అన్నాడు. తొందరగా తేల్చండక్కా" అంది.

"నీ ఈడుది, ఆయాసం లేనిది ఎవరన్నా ఉందా?" అని అడిగాను.

"ఉండకేం!" అంటూ నాగేంద్రాన్ని కేకేసింది.

మా దగ్గర తొడిమలు తీసేవాళ్లు జతలుగా కూర్చుంటారు. కుప్పకు అటొకరు, ఇటొకరు. కూలి చెరిసగం. నీలాంటి మనిషిని చూపించమంటే షెడ్డుకెళ్లే ప్రతి ఆడదీ ఎదురుగా కూర్చునే తన జతనే చూపించింది, వేరే పనులవాళ్లు తమ తోటి పనివాళ్లను. కాలేజీ నుంచి వచ్చిన డాక్టరు ప్రసాద్ గారికి అది నచ్చింది. వయసు కుదిరింది, వాడ కుదిరింది, ఇంకేం కావాలన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది.

కాగితాలన్నీ మంగళగిరిలో లెక్కలు చూసే సుధ గారి దగ్గరికి వెళ్లాయి. ఆమె మమ్మల్ని పిలిపించింది. నేను వెళ్లేసరికి అక్కడ డాక్టరు గారి ముఖం వాడి ఉంది.

"జతలు జతలుగా చూస్తే ఏమీ రావట్లేదంటున్నారు. పోనీ జతలు విడగొట్టి, కేసులన్నీ ఒక గంప, కంట్రోళ్లన్నీ ఒక గంప చేసి చూశాను. అక్కడా తేడా లేదు. ఘాటుకూ ఆయాసానికీ సంబంధం లేదని రాసేద్దామా?" అన్నారాయన.

"రాస్తే తప్పు సార్," అంది సుధ గారు. "రమణమ్మ, నాగేంద్రం ఇద్దరూ ఒకే కుప్ప దగ్గర, ఒకే ఘాటు పీల్చారు. త్రాసుకు రెండు పక్కలా ఒకే రాయి పెట్టి, ముల్లు కదల్లేదు కాబట్టి రాయికి బరువు లేదంటామా?"

"వేరే మెథడ్ ఏదన్నా..."

"ఏ మెథడ్ అయినా అదే రాయి సార్. జత కట్టి తెచ్చిన వివరాలను జతగానే లెక్కించాలి, విడగొట్టకూడదు. అందుకు కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్ అనే పద్ధతి ఉంది. ఏ జతకు ఆ జతను విడిగా ఉంచి పోలుస్తుంది. ఒకరు షెడ్డులో, ఒకరు బయట ఉన్న జతలే అందులో మాట్లాడతాయి. మనవాటిలో దాదాపు అన్నీ మూగజతలే."

పోల్చాల్సిన సంగతి కూడా ఇద్దరిలో ఒకటే అయ్యేంతగా జత కట్టడాన్ని ఓవర్‌మ్యాచింగ్ అంటారట. డాక్టరు గారు కాగితాలు సర్ది, "మళ్లీ తిరుగుదాం" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

ఈసారి జతను కేస్ చూపించకూడదు. కేస్ ఇంటి నుంచి కుడిచేతి వైపు నడిచి, ఈడు కుదిరి ఆయాసం లేని మొదటి ఆడమనిషిని తీసుకోవాలి. ఏం పని చేస్తుందో ముందు అడగకూడదు.

నాగేంద్రం నన్ను వీధిలో పట్టుకుంది. "ఏం, నన్నెందుకు తీసేశావు? నేనేం పాపం చేశా?"

"పాపం కాదే. నువ్వు దానికి మరీ దగ్గరదానివి."

రమణమ్మ గోల ఇంకోటి. "ఆ పక్కింటిదా నా జత? దానికీ నాకూ మాటల్లేవు!"

"మాటలు లేకపోతే పోయె, ఈడుంది కదా. నువ్వు నోర్మూసుకో."

ఆ పక్కింటామె బట్టలు కుడుతుంది, షెడ్డు గడప తొక్కలేదు. కొన్ని జతలు ఇలా కుదిరాయి, కొన్నిట్లో మళ్లీ ఇద్దరూ షెడ్డువాళ్లే వచ్చారు. వచ్చినవాళ్లను వచ్చినట్టే రాశాను. కట్టెల పొయ్యి ఉందా, చుట్ట తాగుతారా అన్నవీ అడిగాను, ఆ పొగల వంతు విడిగా లెక్కేస్తారని.

లెక్క తేలింది. తేడా ఉన్న జతల్లో ఎక్కువ భాగం ఒకే వైపు మొగ్గాయి. షెడ్డులో ఉన్న మనిషికే ఆయాసం. యజమాని సణుక్కుంటూనే గోడలకు ఫ్యాన్లు పెట్టించాడు.

లెక్కలో తేలిన సంగతి చెప్పడానికి సుధ గారే ఊరికి వచ్చింది. రమణమ్మ అంతా విని, "ఇంతకీ నాకొచ్చింది దీనివల్లేనా?" అంది.

"మీ ఒక్కరి సంగతి లెక్క చెప్పలేదండి. మీలాంటి వాళ్లందరి సంగతే చెబుతుంది."

"నా ఊపిరి నా ఒక్కదానిదే కదమ్మా," అంది రమణమ్మ.

తర్వాతి సీజనుకు ఆమె షెడ్డు మానేసి పత్తి తీతకు పోయింది. నాగేంద్రం ఫ్యాను కింద కూర్చుంది, ఎదురుగా ఇంకొకతి.

నాకు తెలిసింది ఒకటే. ఏ పద్ధతిలో లెక్క కట్టాలన్నది జత కట్టిన నాడే తేలిపోతుంది, తర్వాత మంగళగిరిలో కూర్చుని మార్చేది కాదు. ఇప్పటికీ ఎవరన్నా వచ్చి ఫలానాదానికీ జబ్బుకూ సంబంధం లేదని తేలిందంటే, నేను ముందు అడిగేది, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టి చూశారని.