పచ్చిపుల్లల పొగలో వెలుగు చార

ఇంకా కట్టని ఇళ్లకు బొమ్మలు తయారుచేయడం నా పని. విశాఖపట్నంలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, ఆర్కిటెక్టులు ఇచ్చిన ప్లాన్లను ఫొటోల్లా కనిపించే 3డి బొమ్మలుగా మారుస్తాను. గోడలు, కుర్చీలు ఎవరైనా పెట్టగలరు. చూసినవాడికి ఆ గదిలోకి వెళ్లి కూర్చోవాలనిపించాలంటే వెలుతురు కావాలి, అదీ కిటికీలోంచి ఏటవాలుగా దిగుతూ కంటికి కనిపించే వెలుతురు. ఉత్త గాలిలో ఎండ చార కనిపించదు. దుమ్మో, మంచో, పొగో ఉంటేనే కనిపిస్తుంది. అందుకే కంప్యూటరులో కూడా ముందు గదినిండా పలచగా పొగ నింపి, ఆ తర్వాతే ఎండను లోపలికి వదులుతాం.

మూడేళ్ల కిందట మా అరకు వైపే ఒక రిసార్టు పని వచ్చింది. భోజనశాల కొండమీది ఇల్లులా ఉండాలన్నారు. మట్టి గోడలు, పెంకుల కప్పు, ఒక మూల పొయ్యి. బొమ్మ రెండుసార్లు పంపాను, రెండుసార్లూ తిరిగొచ్చింది. "అన్నీ ఉన్నాయండీ, ప్రాణమే లేదు," అన్నాడు యజమాని ఫోనులో. నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే. ఆ మాట నన్ను పొడిచింది. ఆ శనివారం పొద్దున్నే అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కి అక్క ఊరు వెళ్లాను.

అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. అప్పటినుంచి వంట తనదే, నేనూ తనవాణ్ణే. పెళ్లయ్యాక నన్ను కూడా వెంటబెట్టుకుని అత్తవారింటికి వెళ్లింది. బావ ఏమీ అనలేదు.

మర్నాడు ఆదివారం. అక్క వంటింటికి కిటికీ లేదు. మరీ చీకటిగా ఉందని బావ కప్పులో ఒక గాజు పెంకు వేయించాడు. గ్యాస్ సిలిండరు మూలన ఉండేది కానీ, అయిపోతే మరొకటి కొండెక్కించడం కష్టమని చుట్టాలొచ్చినప్పుడు టీకి మాత్రమే వెలిగించేది. ఎనిమిదవుతుండగా గాజు పెంకులోంచి ఎండ దిగింది. చోడి అంబలి, అదే రాగి జావ, ఉడుకుతున్న కుండ మీద, పొగలో, తెల్లటి చార నిలబడింది. నాకు కావలసింది అదే. ఫోను తీశాను.

"ఏట్రా, పొయ్యికి ఫొటోలు తీత్తన్నావు?" అంది అక్క.

"ఆఫీసు పనికే అక్కా. కాస్త పచ్చిపుల్లలు పెట్టు. పొగ ఎక్కువైతే చార బాగా కనిపిస్తుంది."

"పచ్చివి పెడితే కళ్లు మండిపోతాయిరా."

"కాసేపే."

"సరే, బేగి తీసుకో," అని గోడవారనున్న పచ్చిపుల్లలు నాలుగు తెచ్చి పొయ్యిలో పెట్టింది. పొగ లేచింది. చార చిక్కబడింది. అక్క దగ్గడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయిందేటి?" అని రెండుసార్లు అడిగింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే ఉన్నాను. నేనొక మాట చెబితే అక్క కాదనదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆ చార చూసి మళ్లీ చేసిన బొమ్మను ఈసారి ఒక్కమాటలో ఒప్పుకున్నారు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వెళ్లినప్పుడు అక్కకు ఫోనులో చూపించాను. దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మన ఇల్లులాగే ఉందిరా. పొయ్యికాడ మనిసి లేదేటి?"

"అక్కడ వండరక్కా. ఊరికే అందానికి."

అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గయి, చాలాసేపు ఆగలేదు. మనిషి చిక్కిపోయిందని అప్పుడు గమనించాను. కొండెక్కితే ఆయాసం వస్తోందని, కాఫీ పళ్లు కోయడానికి ఈ ఏడు వెళ్లలేదని బావ చెప్పాడు.

అక్కను విశాఖ తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపించాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, చుట్ట తాగుతుందా అని అడిగింది. లేదన్నాను. కట్టెల పొయ్యి మీద వండుతుందా? అవునన్నాను. ఎన్నాళ్లనుంచి? నేను లెక్క చెప్పేలోగా అక్కే అంది, "మా తమ్ముడు ఇంతప్పటినుంచమ్మా," అని చెయ్యి మంచం ఎత్తున పెట్టి చూపించింది. ఊపిరితిత్తులు బాగుపడే దశ దాటిపోయాయని డాక్టరమ్మ నాకు బయట వరండాలో చెప్పింది.

ఏడు నెలలు బతికింది. విశాఖలో నేనుండే గదిలోనే, కిటికీ పక్కన మంచం వేశాం. వర్షాకాలం మొదట్లో పోయింది.

ఊళ్లో ఇంటి గోడకు పెట్టడానికి, అక్క కూతురు వాళ్లమ్మ ఫొటో అడిగింది. ఫోను వెతికాను. ఆ ఆదివారం తీసినవి అరవైకి పైగా ఉన్నాయి. అన్నింటిలోనూ చార స్పష్టంగా ఉంది. అక్క మాత్రం ఒకదానిలో మోచెయ్యి, ఒకదానిలో కొంగు. ఒకదానిలో మొహం ఉంది కానీ పొగ కప్పేసింది. చివరికి ఆధార్ కార్డులోని బొమ్మనే పెద్దది చేయించాం.

దాన్ని గోడకు పెట్టిన సాయంత్రం బావ పక్కన అరుగు మీద కూర్చుని, పచ్చిపుల్లల సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బావ, "ఒక్క పూట పొగకేటవుద్దిరా. రోజూ ఉన్నదే కదా. నానూ తిన్నాను ఆ పొయ్యి మీద వండిన కూడు," అన్నాడు.

ఆ మాట నిజమే. నాకూ తెలుసు. కానీ రోజూ ఉన్న పొగ ఎవరూ అడిగి పెట్టించింది కాదు. ఆ ఒక్క పూటది నేను అడిగి పెట్టించాను, ఇంకొంచెం అన్నాను.

బావ నా వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, పశువులకు గడ్డి వెయ్యాలంటూ లేచి వెళ్లాడు.