‘ఆరోగ్యం’ అని రాసిన సీసా

ప్రయోగశాలలో అందరూ ఆవిడను దాదమ్మ అనేవారు. పసిపిల్లల వేళ్ల మీద లేచే కణుతుల్లోంచి తీసిన కణాలను సీసాల్లో పెంచడం ఆవిడ పని. రోజు విడిచి రోజు వాటి పాత పోషక ద్రవం తీసేసి కొత్తది పోస్తుంది. పద్దెనిమిదేళ్లలో ఒక్క చీటీ తారుమారైన దాఖలా లేదు. ఎవరైనా చీటీ వంకరగా అతికించారో, ఇల్లు పీకి పందిరేసేది.

అవి ప్రాణం తీసే కణుతులు కావు. కోసేస్తే మళ్లీ లేస్తాయి, వేళ్లను వంకర తిప్పేస్తాయి, అంతే. ఆ ‘అంతే’ అనడం డాక్టర్లకు సులువు. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ను ఆ కణాలు ఎంత అతిగా తయారుచేస్తున్నాయో తేల్చాలంటే, పక్కన ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కణాలు కూడా ఉండాలి. ఎవరిస్తారు? తన కూతురికి ఏడాది వయసులో ఆరోవేలు తీయించినప్పుడు ఆ కాస్త చర్మం దాదమ్మే ఇప్పించింది. పేర్లు బయటపెట్టకూడదన్నది అక్కడి నియమం. అందుకే ఎవరిదో పెద్ద డాక్టరుకు కూడా చెప్పకుండా, చీటీ మీద ‘ఆరోగ్యం’ అని రాసింది. ఆ మాట రాస్తుంటే ఎంత గర్వమో!

మూడేళ్లు గడ్డకట్టించి దాచిన ఆ కణాలను ఇప్పుడు మొదటిసారి కరిగించి పెంచారు. కొల్లాజెన్ ఉన్నచోట ఎరుపెక్కే రంగు వేశారు. కణుతి సీసా ఎర్రబడింది. ఆరోగ్యం సీసా అంతకంటే ఎర్రబడింది.

"చీటీలు మార్చేశావమ్మా! ఎట్టకేలకు దొరికావు," అని నవ్వాడు పెద్ద డాక్టరు.

"అవునండి, నేనే మార్చేసి ఉంటాను," అంది దాదమ్మ. పద్దెనిమిదేళ్ల పరువు పోతే పోనీ, తప్పు తనదైతే చాలు. ఆ సాయంత్రం కూతురికి అన్నం తినిపిస్తూ ఒక్కో వేలూ తడిమింది.

"చక్కిలిగిలి పెట్టకమ్మా!" అని పాప చెయ్యి లాక్కుంది. చేతికి ఏమీ తగల్లేదు. అయినా భయం వదల్లేదు.

రెండోసారి చేశారు. అదే ఎరుపు. మూడోసారి పెద్ద డాక్టరు ఆవిడను దగ్గరికి రానివ్వలేదు. చీటీలు తనే రాశాడు, ద్రవం తనే పోశాడు. మూడు వారాలు దాదమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. రంగు వేసిన రోజున ఆయన సీసాను వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

"నీ తప్పు కాదమ్మా. ఈ పిల్లకీ ఆ జబ్బుంది, కణుతులు ఇంకా లేచి ఉండవు. ముందే వాళ్లమ్మకి కబురు చేయాలి. ఎవరో ఏమిటో, ఆసుపత్రి రికార్డుల్లో వెతికిస్తావా?"

"అక్కర్లేదండి," అంది దాదమ్మ. "కబురు అందింది."